మేలుకునే డ్యూటీ

"రేపు నన్ను కాస్త ముందే లేపు" అని దుప్పటి మెడదాకా లాక్కున్నాడు భర్త.

ఆ కాస్త ఎంతో అతను చెప్పడు. ఆమెకి తెలిసే ఉండాలి, తెలుసు కూడా. అతను ఊరికి నీళ్లు తోడే పంపుహౌసులో ఆపరేటరు. వారానికోసారి షిఫ్టు మారుతుంది. ఏ వారం ఏ షిఫ్టో అతనికన్నా ఆమెకే బాగా గుర్తు. అంతకుముందే కూతురు గుమ్మంలోంచి తల దూర్చి "అమ్మా, పొద్దున ఈత" అనేసి తుర్రుమంది. ఆ పిల్లని ఇంట్లో అందరూ చేప అంటారు. నీళ్లలో ఎంత చురుకో మంచం మీద అంత మొద్దు. పక్క గదిలోంచి అత్తగారు "అమ్మాయ్, నా మాత్ర మరిచిపోకు" అంది. ఆ మాత్ర పరగడుపున వేసుకోవాలి, వేసుకున్నాక చాలాసేపటిదాకా కాఫీ తాగకూడదు. కాఫీ పడందే అత్తగారికి తెల్లవారదు. అంచేత మాత్ర ఎంత పెందలాడే గొంతు దిగితే ఇంటికి అంత క్షేమం.

ముగ్గురూ తమ తమ పొద్దుల్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టేసి, గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయారు. ఆమె కళ్లల్లో ఒత్తులు వేసుకుని పడుకుంది. పడుకుంది అనడం మాటవరసకి. నడుం వాల్చింది, అంతే.

ఇంట్లో ఫోన్లు లేవా, వాటిలో అలారాలు లేవా అని ఎవరైనా అడగొచ్చు. లేకేం, తలకొకటి ఉంది. కానీ భర్తకి ఆ మోత పడదు. "అది విని లేస్తే రోజంతా తల దిమ్ముగా ఉంటుంది. నువ్వు భుజం మీద చెయ్యేసి లేపితే ఎంత మెత్తగా ఉంటుందో" అంటాడు. ప్రేమగానే అంటాడు, అదే వచ్చిన చిక్కు. చేప అయితే అలారం మోగగానే కళ్లు తెరవకుండా నొక్కేస్తుంది, నొక్కినట్టు కూడా దానికి గుర్తుండదు. అత్తగారికి ఫోన్లో ఏది ముట్టుకున్నా ఎవరో ఒకరికి కాల్ వెళ్లిపోతుందని భయం. ఇక మిగిలిందెవరు?

అసలు ఈ పని ఆమెకి ఎవరూ అప్పజెప్పలేదు. పొగిడి అంటగట్టారు. పెళ్లయిన కొత్తలో ఆ ఇంట్లో కీ ఇచ్చే గంట గడియారం ఒకటుండేది. ఓ తెల్లవారుజామున అది మోగకముందే ఆమె లేచి, మామగారికి రైలుకి వేళయిందని తలుపు తట్టింది. ఆయన ఎంత మురిసిపోయాడో! "గడియారంకన్నా నా కోడలు నయం. ఈ పిల్ల ఉండగా ఇంకా ఆ డబ్బా దేనికి?" అని కనబడిన వాళ్లందరికీ చెప్పాడు. కొత్త కోడలు, పొగిడితే పొంగిపోదూ? పొంగిపోయింది. ఆ గడియారం అటకెక్కింది. తర్వాత కొన్నేళ్లకి మామగారూ పోయారు. ఆ పొగడ్త మాత్రం ఇంట్లో ఎక్కడికీ పోకుండా ఆమె నెత్తినే కూర్చుంది.

మొదట్లో బాగానే ఉండేది. నిద్రా పట్టేది, వేళకి మెలకువా వచ్చేది. తర్వాత మెలకువ వేళకి ముందే రావడం మొదలెట్టింది. ఆ తర్వాత, ఎక్కడ మొద్దునిద్ర పట్టేస్తుందో, ఎక్కడ ఎవరికి ఆలస్యమవుతుందో అన్న బెంగతో నిద్ర అసలు గుమ్మం తొక్కడమే మానేసింది. ఇప్పుడు నిద్రపోతే ఇంకా ఇంతసేపు దొరుకుతుంది అని లెక్క వేసుకునేది. లెక్క తేలేసరికి అందులో కొంత కరిగిపోయేది. మళ్లీ కొత్త లెక్క. పోనీ ఎవరినీ లేపాల్సిన పని లేని సెలవు రోజైనా పడుతుందా అంటే, అదీ లేదు. ఒంటికి సెలవు సంగతి ఎవరు చెప్తారు? చీమ చిటుక్కుమంటే చాలు, కళ్లు విచ్చుకునేవి.

సలహాలకి మాత్రం కరువు లేదు. వేడి పాలు తాగమన్నారు, కాళ్లు గోరువెచ్చటి నీళ్లలో పెట్టుకోమన్నారు. ఆడపడుచు ఫోన్లో "పగలంతా ఒళ్లు వంచి పని చేస్తే రాత్రి నిద్రెందుకు రాదు వదినా?" అంది. ఆ మాట వినేటప్పుడు ఆమె ఒక చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపట్టి రెండు చేతులతో గిన్నెలు తోముతోంది. భర్త వైద్యం ఇంకా సులువు. "ఏంటి అంతలా ఆలోచిస్తావు? ఆలోచించడం మానెయ్, అదే వస్తుంది. నన్ను చూడు, తల ఆనిస్తే చాలు." ఆమె చూడకపోవడమేం, రాత్రంతా చేసేది అదే పని. అతను నోరు కొద్దిగా తెరుచుకుని, నుదుటి మీద ఒక్క ముడత లేకుండా నిద్రపోతాడు. ఆమెకి అతని మీద కోపం కాదు, అసూయ. అన్నం తింటున్నవాళ్లని ఆకలితో చూస్తున్నట్టు ఉండేది.

పైగా అతను రాత్రి షిఫ్టు చేసి వచ్చిన రోజు ఇంట్లో జరిగే మర్యాద చూడాలి. కిటికీలకి పరదాలు పడతాయి. చేప మునివేళ్ల మీద నడుస్తుంది. అత్తగారు దగ్గొచ్చినా కొంగు అడ్డం పెట్టుకుంటుంది. "పాపం, రాత్రంతా మేలుకుని వచ్చాడు" అని గుసగుసగా చెప్పుకుంటారు. ఆ గుసగుసల్లో ఆమెదీ ఒకటి. అదే రాత్రంతా తనూ మేలుకునే ఉన్నానని ఆమెకి కూడా తట్టేది కాదు. మేలుకున్నందుకు చూపించడానికి ఆమె దగ్గర పంపుహౌసు లేదు కదా.

ఇలా ఎన్నాళ్లయినా నడిచేదేమో, కానీ అది ఉద్యోగం మీదకి వచ్చింది.

ఆమె కళ్లద్దాల షాపులో పని చేస్తుంది. ముందు గదిలో షాపాయన వచ్చినవాళ్ల కళ్లు చూసి ఫ్రేములు అమ్ముతాడు. వెనక గది ఆమెది. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేము ఆకారానికి మిషను మీద అరగదీసి, బిగించి, తుడిచి ఇవ్వాలి. ఆ గదిలో ఆమెని ఎవరూ పిలవరు. అమ్మాయ్ అని గానీ, అమ్మా అని గానీ, ఏమోయ్ అని గానీ ఒక్క కేక ఉండదు. నీళ్లు సన్నగా కారుతూ చక్రం తిరుగుతూ ఉంటే, ఓ మనిషికి లోకం స్పష్టంగా కనబడేలా చేస్తున్నానన్న తృప్తి ఆమెకి. ఇన్నేళ్లలో ఆమె చేతిమీదుగా ఒక్క జత తప్పు పోలేదు. ఆ పని తనకి వచ్చు, అది తనది. ఈ లోకంలో ఆమె నాది అనుకున్నది ఏదైనా ఉంటే ఆ మిషనే.

అలాంటిది ఓ రోజు లెక్కల మేష్టారొకాయన కొత్త కళ్లజోడు పెట్టుకుని గోడలు పట్టుకుంటూ షాపుకొచ్చాడు. "మా ఇంటి మెట్లు నా మీదకి లేచొస్తున్నాయమ్మా" అన్నాడు. చూస్తే కుడికంటి అద్దం ఎడమకీ, ఎడమకంటిది కుడికీ బిగించి ఉంది. బిగించింది ఆమే. షాపాయన నవ్వి సర్దేశాడు. ఆ తర్వాత మరొకటి. అప్పుడూ సర్దాడు. ఆ పైన ఒక మధ్యాహ్నం మిషను ముందు రెప్ప వాలింది. వాలింది అని తెలిసేలోపే బొటనవేలి గోరు చక్రానికి తగిలింది. నొప్పికన్నా ముందు భయం వేసింది ఆమెకి.

షాపాయన ఈసారి నవ్వలేదు. వేలికి మందు రాసి కట్టు కట్టాడు. తర్వాత నెమ్మదిగా, "మీ చెయ్యిలాంటి చెయ్యి నాకు ఇంకోటి దొరకదమ్మా. కానీ మీరు మేలుకుని లేరు. డాక్టరుకి చూపించుకోండి. బాగయ్యేదాకా మిషను ముట్టుకోవద్దు. నెలాఖరుకి కూడా ఇలాగే ఉంటే, వేరే మనిషిని చూసుకోక నాకు తప్పదు" అన్నాడు.

మేలుకుని లేరట! ఆమెకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ రోజు నుంచి ముందు గదిలో స్టూలు మీద కూర్చుని కళ్లజోళ్ల పెట్టెలు తుడవడం ఆమె పని. వెనక గదికి తాళం.

నిద్ర రాకపోతే డాక్టరా, వింటే నవ్విపోతారు అన్నాడు భర్త. నవ్వితే నవ్వనీ అని ఆమె ఒక్కతే వెళ్లింది.

డాక్టరమ్మ నవ్వలేదు. ఎప్పుడు పడుకుంటారు, పడుకున్నాక ఏం చేస్తారు, మధ్యలో గడియారం చూస్తారా అని ఒక్కొక్కటే అడిగింది. నిద్ర పట్టదేమోనన్న భయంతో పెందలాడే మంచమెక్కుతానని ఈమె చెప్తే, అదే తప్పంది. మంచం మీద ఎదురుచూస్తూ గంటలు గడిపితే, మంచం కనబడగానే ఒళ్లు ఎదురుచూడటానికే సిద్ధమవుతుందట. కళ్లు మూతలు పడుతున్నప్పుడే పడుకోమంది. పట్టకపోతే లేచి కాసేపు కూర్చోమంది, గడియారం వైపు మాత్రం చూడొద్దంది. "నిద్ర మనం చేసే పని కాదండీ. చేస్తున్న పనులన్నీ వదిలేస్తే అదొస్తుంది. గట్టిగా ప్రయత్నించారంటే అదో పనైపోతుంది, ఇక రాదు. కాపలా ఉన్నవాడికి నిద్రొస్తుందా చెప్పండి. మీ ఒళ్లు దేనికో కాపలా కాస్తోంది" అంది. ఆ తర్వాత కలం కింద పెట్టి, "ఒక రాత్రి మీరు ఒళ్లెరక్కుండా నిద్రపోయారనుకోండి. మీ ఇంట్లో ఏమవుతుంది?" అని అడిగింది.

ఆమె నోరు తెరిచింది. భర్త షిఫ్టు, చేప ఈత, అత్తగారి మాత్ర, కాఫీ, పాల ప్యాకెట్లు, స్కూలు బస్సు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయింది. ఇవన్నీ పైకి అనడం ఆమెకి అదే మొదటిసారి. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదో కూడా చూస్తే మంచిది, ఒక రాత్రి ఇక్కడ పడుకోవాలి అని చెప్పి పంపింది.

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే, భర్త ఏం పరీక్షలు, ఏం జబ్బు అని అడగలేదు. "రాత్రి ఉండవా? మరి పొద్దున మమ్మల్నెవరు లేపుతారు?" అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. అది వెటకారం కాదు, నిజంగానే కంగారు. "మీరే ఎలాగో చూసుకోండి" అని, ఒక జత బట్టలు సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది.

క్లినిక్ లో చిన్న గది ఇచ్చారు. శుభ్రమైన మంచం, మంచానికి ఎదురుగా గోడ మీద కెమెరా, పక్క గదిలోకి ఒక అద్దాల కిటికీ. తీగలు అంటించడానికి వచ్చిన టెక్నీషియనుకి ఇంచుమించు ఆమె వయసే ఉంటుంది. వంగినప్పుడల్లా మోకాలు పట్టుకుని "అమ్మా" అంటోంది. తల మీద జిగురు పెట్టి ఒక్కొక్క తీగా అంటిస్తుంటే, అసలే నిద్ర రాని మనిషిని, ఈ వైర్లన్నిటితో ఎలా పడుతుందని ఈమె బెంగపడింది. "పట్టకపోయినా నష్టమేం లేదులే అక్కా, పట్టలేదని రాసుకుంటా" అంది టెక్నీషియను. నిద్రపోకపోయినా నష్టం లేదని ఆమెతో అన్న మనిషి ఇంతవరకు ఎవరూ లేరు.

అన్నీ అయ్యాయి. దుప్పటి కప్పి, దీపం తగ్గించి టెక్నీషియను వెళ్లబోతుంటే, ఆమె నోటి నుంచి అలవాటుగా ఓ మాట వచ్చేసింది.

"పొద్దున మిమ్మల్ని ఎన్నింటికి లేపమంటారు?"

టెక్నీషియను తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది గానీ, ఆ నవ్వు సగంలోనే మెత్తబడింది. "నన్ను మీరు లేపడమేంటక్కా? మీరు పడుకోండి. మేలుకోవడం నా డ్యూటీ."

"రాత్రంతానా?"

"రాత్రంతానూ. ఆ కిటికీ అవతలే కూర్చుంటా. మేలుకున్నందుకే కదా నాకు జీతం. పొద్దున్నే ఇంటికెళ్లి పడుకుంటానా, ఇంట్లో ఒక్కళ్లు గిన్నె చప్పుడు చెయ్యరు."

తలుపు దగ్గరగా పడింది. అద్దం అవతల కుర్చీ కిర్రుమంది, ఫ్లాస్కు మూత తీసిన చప్పుడైంది. మేలుకున్నందుకు జీతమా అని ఆశ్చర్యపోయింది ఆమె. మేలుకుంటే మర్నాడు పడుకోనిస్తారా? ఒకరు మేలుకుంటే రెండోవాళ్లు పడుకోవచ్చా? అయితే ఇన్నేళ్లుగా తను చేస్తున్నది కూడా పనేనా, ఇంకా తనకేదో రోగమనుకుంటోందే! ఆ ఆలోచనని కొసదాకా లాగుదామనుకుంది. కొస దొరకలేదు. ఆ తర్వాత సంగతి ఆమెకి తెలియదు.

మళ్లీ తెలిసింది భుజం మీద ఒక చెయ్యి పడినప్పుడు. ఆ చెయ్యి తొందరేం పెట్టలేదు, అలా ఆని ఉంది. "అక్కా, తెల్లారింది" అంటోంది ఎవరో, చాలా దూరం నుంచి. ఆమె నెమ్మదిగా పైకి తేలింది. మొగుడు అబద్ధం చెప్పలేదు, నిజంగా ఎంత మెత్తగా ఉందో! పెళ్లయ్యాక ఇంతవరకు ఆమెని ఎవరూ లేపలేదు. లేపడానికి ఆమె ఎప్పుడైనా పడుకుని ఉంటేగా. కళ్ల నుంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. జిగురు మండిందా అక్కా అని టెక్నీషియను కంగారుపడితే, కాదు కాదు, హాయిగా ఉంది అంది. హాయిగా ఉన్నప్పుడు కూడా ఏడుపొస్తుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, ఊపిరి దివ్యంగా ఉందంది, నిద్ర ఇంకా దివ్యంగా ఉందంది. "మీకు నిద్ర రాకపోవడం కాదమ్మా. మీ ఇంట్లో మీకు రావడం లేదు. ఆ కాపలా మీరు దిగితే గానీ నేను చెప్పినవేవీ పనిచెయ్యవు" అని చెప్పి పంపించింది.

ఇల్లు ఉన్నచోటే ఉంది. వీధి మలుపు తిరిగేదాకా ఆమెకి ఆ అనుమానం లేకపోలేదు. కొంపేం మునగలేదు. చేప ఈత ఎగ్గొట్టేసి, ఆనందంగా రొట్టెముక్క నములుతోంది. అత్తగారు ముందు కాఫీ తాగేసి, తర్వాత మాత్ర గుర్తొచ్చి, దాన్ని చేతిలో పెట్టుకుని నేరం చేసినదానిలా కూర్చుంది. భర్త డ్యూటీకి ఆలస్యంగా వెళ్లాడట. అతను సాయంత్రం తిరిగొచ్చే లోపల అత్తాకోడళ్లిద్దరూ ఆరిన బట్టలు మడతపెట్టడానికి కూర్చున్నారు.

"రాత్రి నిద్ర పట్టిందా?" అంది అత్తగారు, దుప్పటి కొసలు అందిస్తూ.

"బాగా పట్టింది అత్తయ్యా."

దుప్పటి మడత అయ్యింది, ఇంకోటి అయ్యింది. అప్పుడు అత్తగారు తలెత్తకుండా మొదలుపెట్టింది. "ఆ అటక మీది గడియారం ఎవరిదనుకున్నావు? నాదే. మీ మామగారికి దాని మోత పడేది కాదు. తలగడ కింద పెట్టుకుని, మోగీ మోగగానే నొక్కేసి, నేను లేచి అందర్నీ లేపేదాన్ని. ఎక్కడ ముందే గట్టిగా మోగి ఆయన్ని లేపేస్తుందోనని దాని మీదే ఒక చెవి. ఆయన నిన్ను మెచ్చుకున్న రోజు రాత్రి నేను ఒళ్లు తెలియకుండా నిద్రపోయానే అమ్మాయ్. అంత నిద్ర నేనెప్పుడూ ఎరగను. మర్నాడు దాన్ని అటకెక్కించింది నేనే." ఇంకో దుప్పటి కొస అందుకుంది. "నువ్వు నిద్రపోవడం లేదని నాకు తెలుసు. గోడవతల నువ్వు అటూ ఇటూ దొర్లుతుంటే వినబడేది. ఏమ్మా అని అడిగితే ఆ పని మళ్లీ నా దగ్గరికే వస్తుందని అడగలేదు."

ఆమెకి ఒక్కసారిగా కోపం వచ్చింది. చేతిలో ఉన్న చొక్కాని అక్కడే కుప్పగా వదిలేసింది. ఇన్నేళ్లు గోడవతల వింటూ పడుకుందా ఈవిడ! అరుద్దామని తలెత్తింది. ఎదురుగా, దుప్పటి కొస రెండు చేతులతో పట్టుకుని, శిక్ష ఎంతో చెప్పమన్నట్టు చూస్తోంది ముసలావిడ. ఆ కళ్ల కింది నలుపుని ఆమె రోజూ అద్దంలో చూస్తుంది. ఈవిడ నిద్ర ఈవిడకి దొరకడానికి ఇంకో ఆడది మేలుకోవాల్సి వచ్చింది, ఇంకో దారి ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. కోపం పోలేదు గానీ, అది ఈవిడ దగ్గర ఆగకుండా ముందుకి వెళ్లిపోయింది.

"పోనీ ఇకనుంచి నేనే మేలుకుంటాలే. ముసలిదాన్ని, నాకు నిద్రెంతని" అంది అత్తగారు.

"వద్దత్తయ్యా. మీరూ పడుకోండి."

అని లేచి, స్టూలు వేసుకుని అటకెక్కింది.

సాయంత్రం భర్త రుసరుసలాడుతూ వచ్చాడు. పరీక్షలో ఏ రోగమూ తేలలేదని వినగానే, "చూశావా? నేను ముందే చెప్పాను, అంతా నీ మనసులోనే ఉంది" అన్నాడు. ఇదివరకైతే ఆ మాట ములుకులా గుచ్చుకునేది. ఆ పూట ఆమెకి నవ్వొచ్చింది. అతనికి అసలు బాధ అది కాదు. పొద్దున తను ఆలస్యంగా వెళ్లడంవల్ల రాత్రి షిఫ్టువాడు ఇంటికి పోలేక ఇరుక్కుపోయాడట, ఎర్రబడ్డ కళ్లతో చెడామడా తిట్టాడట.

"తిట్టడా మరి? రాత్రంతా మేలుకున్న మనిషి. రిలీవరు వచ్చి ఎక్కాను అనేదాకా ఎవడూ దిగడానికి లేదు, అదీ రూలు. లేకపోతే పంపుల్ని చూసేదెవరు?" అన్నాడు చొక్కా విప్పుతూ. ఆ రూలు ఆమెకి కొత్త కాదు. వెళ్లేవాడు "నేను దిగాను, నువ్వెక్కావా?" అనాలి. వచ్చినవాడు "ఎక్కాను" అనాలి. ఎదురెదురుగా నిలబడి ఆ రెండు మాటలూ అనుకుంటే తప్ప పంపుహౌసులో కాపలా చేతులు మారదు. కొత్తలో అతను అది అభినయించి చూపిస్తే ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్లు.

పడుకునే వేళయింది. భర్త దుప్పటి మెడదాకా లాక్కుని, "రేపు నన్ను కాస్త..." అనబోయి ఆగాడు. ఆమె మంచం పక్కన నిటారుగా నిలబడి ఉంది. చేతిలో గడియారం. దుమ్ము తుడిచి కీ ఇచ్చినట్టుంది, టిక్కు టిక్కుమంటోంది. దాన్ని అతని తలవైపు బల్ల మీద పెట్టింది.

"ఏవండీ, నేను దిగాను. మీరెక్కారా?"

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి లేచి కూర్చున్నాడు. "ఏంటిది? దాని మోత నాకు పడదని తెలుసు కదా."

"ఒక్క గంట రిలీవరు రాకపోతే ఆ అబ్బాయి మిమ్మల్ని అన్ని తిట్లు తిట్టాడు. తిట్టడా మరి అన్నారు మీరే. ఈ ఇంట్లో నేను పెళ్లినాడు ఎక్కాను. ఇంతవరకు నాకు రిలీవరు రాలేదు."

ఆమె గొంతు పెంచలేదు. బతిమాలలేదు కూడా. డ్యూటీ దిగేవాళ్లు చెప్పినట్టే చెప్పింది. అతను ఏదో అనబోయాడు. బహుశా ఆలోచించడం మానెయ్ అని కావచ్చు, మనసులోనే ఉందని కావచ్చు. కానీ ఆ మాటలేవీ ఈ ప్రశ్నకి జవాబు కావు, దీనికి ఒకటే జవాబుంది, అది అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఎర్రబడ్డ కళ్లతో పొద్దున తన కోసం గుమ్మంలో నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడేమో, మొదటిసారి ఆమె కళ్లలోకి పరీక్షగా చూశాడు. చూసి, తలొంచుకున్నాడు.

"చేపనీ అమ్మనీ కూడా నేనేనా?" అన్నాడు చివరికి, నీరసంగా.

"అది ఎక్కినవాళ్లు చూసుకోవాలి."

గడియారం చాలాసేపు కొట్టుకుంది. ఆమె నిలబడే ఉంది. జవాబు రాకుండా దిగకూడదు, అదీ రూలు.

"ఎక్కాను" అన్నాడు.

ఆ రాత్రే నిద్ర ముంచుకొచ్చిందని చెప్తే అది అబద్ధం. ఒళ్లు అంత తేలిగ్గా నమ్ముతుందా? మరిచిపోయి మెలకువ వచ్చేది, చెయ్యి గడియారం కోసం తడుముకునేది. అప్పుడు, దిగాను కదా అనుకుని చెయ్యి వెనక్కి తీసుకునేది. పక్క గది నుంచి అత్తగారి గుర్రు వినబడుతుంటే ఆమెకి నవ్వొచ్చేది. ఇటు ఇల్లు కొంత అల్లకల్లోలమైంది. గడియారం మోగితే భర్త దిగ్గున లేచి, నోటికొచ్చినట్టు గొణుక్కుంటూ చేప గదికి వెళ్లేవాడు. ఆ మొద్దుని లేపడం ఎంత నరకమో అతనికి ఈ వయసులో తెలిసింది. నాన్న లేపడం కన్నా అలారం నయమని చేప ఫోన్ ని గదికి ఆ చివర పెట్టుకోవడం నేర్చుకుంది. అత్తగారి మాత్ర, ఓ గ్లాసు నీళ్లతో సహా, ఆవిడ తలవైపే రాత్రే చేరిపోయింది. ఇంత చిన్న పనికా అమ్మాయ్ నిన్ను లేపాను అని ఆవిడే నొచ్చుకుంది.

నెలాఖరుకి షాపాయన ముందు గదిలోనే ఆమె చేత ఒక జత అద్దాలు ఫ్రేముకి బిగింపించి, వెలుతురుకి పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తర్వాత వెనక గది తాళంచెవి బల్ల మీద పెట్టాడు. ఆమె లోపలికి వెళ్లి, మిషను మీద గుడ్డ తీసి, కాసేపు దాని మీద చెయ్యి వేసి ఊరికే నిలబడింది. తర్వాత నీళ్లు తిప్పింది. మిషను మీద మొదట చేసిన జత లెక్కల మేష్టారిదే. పాపం, ఆయన పాత కళ్లజోడుతోనే నెట్టుకొస్తూ, ఇంకో షాపుకి పోకుండా ఆమె కోసమే కాచుకుని ఉన్నాడు. ఈసారి మెట్లు ఉన్నచోటే ఉన్నాయని ఫోన్ చేసి మరీ చెప్పాడు.

మర్నాడు ఇంకా చీకటుండగా గడియారం ఇల్లంతా అదిరేలా మోగింది. భర్త కదిలాడు, మంచం కిర్రుమంది, అడుగులు తలుపు వైపు వెళ్లాయి. ఆమె అన్నీ విన్నది. అది తన కోసం మోగింది కాదు అనుకుని, అటు తిరిగి పడుకుంది.